పీహెచ్‌సీలో బీపీ నియంత్రణ: రాని రోగిని కూడా లెక్కలో ఉంచే పద్ధతి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పనితీరును మనం చాలా కాలంగా ఓపీ సంఖ్యతోనే కొలుస్తున్నాం. ఈ రోజు ఎంత మంది వచ్చారు, ఎన్ని చీటీలు రాశారు, ఎంత మందికి మందులిచ్చారు అన్నదే లెక్క. జ్వరాలకూ విరేచనాలకూ ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. బాధ ఉన్నవాళ్ళు తమంతట తామే వస్తారు, తగ్గాక రారు, వాళ్ళు రాకపోవడమే మంచి కబురు. అధిక రక్తపోటు విషయంలో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. ఏ బాధా తెలియదు కాబట్టి రోగి రావడం మానేస్తాడు. మనం కూడా అతన్ని మరిచిపోతాం. పక్షవాతంతో 108లో ఎక్కించినప్పుడు గానీ ఆ పేరు మళ్ళీ మన చెవిన పడదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు పైబడిన ఆడవారిలో సుమారు 21 శాతం, మగవారిలో 24 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా వారు దానికి మందు వాడుతున్నారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ శాతాలు జాతీయ సగటును మించి ఉన్నాయి. మరోవైపు, బీపీ కొలతలోని పై అంకెను (సిస్టోలిక్) 10 పాయింట్లు తగ్గించగలిగితే పక్షవాతం ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గుతుందని అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. ఇందుకు కావలసిన మాత్రలు చవకైనవి, పాతవి, పీహెచ్‌సీ ఫార్మసీలో దొరికేవే. అయినా నియంత్రణ కుదరడం లేదంటే లోపం మందులో లేదు, ఆ మందును నెలనెలా ఒకే మనిషికి ఏళ్ళ తరబడి అందించే ఏర్పాటులో ఉంది. ఆ ఏర్పాటును కట్టుకోవడం ఎలాగో మెడికల్ ఆఫీసర్లు, స్టాఫ్ నర్సులు, సబ్‌సెంటర్ స్థాయిలో వైద్యం అందించే ఎంఎల్‌హెచ్‌పీలు, ఏఎన్ఎంలను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఇది కొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదు. 2017 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఐదు రాష్ట్రాలలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. ఆ ఐదింటిలో తెలంగాణ ఒకటి. ఒకే చికిత్సా ప్రోటోకాల్, తెగిపోని మందుల సరఫరా, సిబ్బంది అందరి మధ్య పని పంపకం, ఇంటికి దగ్గరగా వైద్యం, పేరుపేరునా లెక్క అనే ఐదింటి మీదే ఆ కార్యక్రమం నడిచింది. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా దక్కింది. ఈ మార్గదర్శి కూడా ఆ దారినే నడుస్తుంది.

మొదటి మెట్టు: మీ ప్రాంతంలో ఎంత మంది ఉండాలో లెక్క కట్టండి

మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీ పరిధి సుమారు 30,000 జనాభా. అందులో 30 ఏళ్ళు పైబడినవారు 15,000 మంది అనుకుందాం. నలుగురిలో ఒకరికి రక్తపోటు ఉందని తక్కువగా లెక్కవేసినా 3,750 మంది తేలతారు. ఇప్పుడు మీ రిజిస్టర్ తీసి గత 12 నెలల్లో ఒక్కసారైనా బీపీకి మందు తీసుకున్నవారి పేర్లు లెక్కించండి. 600 వచ్చాయనుకోండి, మీరు చేరుకోవలసిన ఆరుగురిలో ఒక్కరి దగ్గరికే చేరుకున్నారన్నమాట. మిగిలినవారిలో కొందరు ప్రైవేటులో చూపించుకుంటూ ఉండవచ్చు, కానీ తమకు బీపీ ఉందని అసలు తెలియనివారే ఎక్కువ ఉంటారు.

ఈ లెక్క సిబ్బందిని నిందించడానికి కాదు, పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి. ఆశా కార్యకర్తలు 30 ఏళ్ళు పైబడినవారికి ఇంటింటా నింపే సీబాక్ ఫారాలు (జబ్బుల ముప్పును మార్కులతో అంచనా వేసే ప్రశ్నపత్రాలు) చాలాచోట్ల నింపాక కట్టలుగా మూలన పడి ఉంటాయి. వాటిలో ఎక్కువ మార్కులు వచ్చినవారి జాబితాను ఊరివారీగా తీసి, ముందుగా వారికి సబ్‌సెంటర్‌లో బీపీ చూడాలి. రెండో సులువైన మార్గం మన గుమ్మంలోనే ఉంది. దగ్గుకో, కాలి పుండుకో, మనవడికి టీకా వేయించడానికో కేంద్రానికి వచ్చిన 30 ఏళ్ళు పైబడిన ప్రతి ఒక్కరికీ, వచ్చిన పనితో సంబంధం లేకుండా బీపీ చూసే అలవాటు పెట్టుకోవాలి. ప్రత్యేక శిబిరాల కంటే ఈ రోజువారీ అలవాటే ఎక్కువ మందిని బయటపెడుతుందని నా అభిప్రాయం. శిబిరంలో దొరికినవారు తర్వాత కనిపించకుండా పోవడం ఎక్కువ, ఓపీలో దొరికినవారికి దారి ముందే తెలుసు.

రెండో మెట్టు: కొలత సరిగా ఉండాలి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడాలి. కొలత తప్పితే ఆ తర్వాత చేసేదంతా తప్పే.

మామూలుగా జరిగేది చూడండి. ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన అరవై ఏళ్ళ మనిషి చీటీ రాయించుకుని వరుసలో నిలబడుతుంది. పిలవగానే వచ్చి, వీపుకు ఆనుడు లేని స్టూలు మీద కూర్చుంటుంది. చేయి గాలిలో వేలాడుతూ ఉంటుంది. జాకెట్టు చేతి మీదుగానే కఫ్ చుడతారు. మిషన్ ఊదుతూ ఉండగానే "ఏమ్మా, నిద్ర పడుతోందా?" అని అడుగుతారు, ఆమె జవాబు చెబుతూ ఉంటుంది. మూత్రానికి వెళ్ళాలని ఉన్నా వరుస పోతుందని ఆపుకుని ఉంటుంది. వీటిలో ఒక్కొక్కటీ అంకెను పైకి నెట్టేదే, కొన్ని విడివిడిగానే 10 పాయింట్ల వరకూ పెంచగలవు. అన్నీ కలిసినప్పుడు ఆమె అసలు బీపీ ఎంతో ఎవరికీ తెలియదు.

సరైన పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీ ఒకటి, చేయి గుండె ఎత్తులో ఆనించే బల్ల ఒకటి, ఓపీ గదికి వెలుపల కాస్త నిశ్శబ్దంగా ఉండే మూల ఒకటి చాలు. అంతకు ముందు అరగంటలో టీ, కాఫీ, బీడీ, చుట్ట, గుట్కా తీసుకోలేదని అడిగి తెలుసుకోవాలి. మూత్రానికి వెళ్ళి రమ్మనాలి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. కఫ్‌ను చర్మం మీదే చుట్టాలి. కొలిచేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయాలి. మొదటిసారి వచ్చిన వ్యక్తికి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఆ తర్వాత ఎప్పుడూ వాడాలి, ఆ సంగతి కార్డు మీద రాసిపెట్టాలి. ముసలివారికీ షుగర్ ఉన్నవారికీ నిలబెట్టి కూడా ఒకసారి చూడాలి. నిలబడగానే పై అంకె 20 పడిపోతే మందు పెంచే ముందు ఆలోచించాలి, లేకపోతే తెల్లవారుజామున లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంటారు.

కఫ్ కొలత సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలు కఫ్ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. అంతకంటే లావు చేతికి చిన్న కఫ్ చుడితే అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది. కాబట్టి పెద్ద కఫ్ ఒకటి తప్పకుండా ఇండెంట్ పెట్టి తెప్పించుకోవాలి. మిషన్ విషయంలో, ప్రమాణాల ప్రకారం పరీక్షించి ధ్రువీకరించిన డిజిటల్ మిషన్‌నే వాడాలి. పాదరసం మిషన్లు, పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినామాటా ఒప్పందం ప్రకారం వాడుక నుంచి తొలగిపోతున్నాయి, గడియారం ముఖం లాంటి పాత మిషన్లు తరచు సరిచూడకపోతే దారి తప్పుతాయి. డిజిటల్ మిషన్‌కు బ్యాటరీలు ఎవరు కొనాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఎన్నో మిషన్లు బీరువా చేరడానికి కారణం అదే. కేంద్రం నిర్వహణ నిధుల నుంచి బ్యాటరీలకు, కఫ్‌లకు ముందుగానే కొంత కేటాయించుకోవడం మంచిది.

మీ కేంద్రంలో కొలతలు నిజంగా తీస్తున్నారో, అందాజుగా వేస్తున్నారో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గత నెల రిజిస్టర్‌లో వంద రీడింగులు తీసి, ఎన్ని సున్నాతో ముగుస్తున్నాయో చూడండి. డిజిటల్ మిషన్‌తో నిజంగా కొలిస్తే పదింటిలో ఒకటి దాకా మాత్రమే సున్నాతో ముగియాలి. 130/80, 140/90, 150/90 అని పేజీ నిండా ఉంటే అది కొలత కాదు. ఎవరినీ మందలించకుండా మొత్తం సిబ్బందిని కూర్చోబెట్టి, ఒకరికొకరు కొలుచుకునేలా మళ్ళీ నేర్పించడమే దీనికి మందు.

మూడో మెట్టు: ఎవరికి బీపీ ఉన్నట్టు, ఎవరిని వెంటనే పంపాలి

వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూసినప్పుడు పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ దాటితే అధిక రక్తపోటు ఉన్నట్టే. 160/100 దాటినవారికి రెండో కొలత కోసం ఎక్కువ రోజులు ఆగకూడదు. 180/110 దాటితే కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూడాలి. అప్పటికీ అలాగే ఉండి, ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పక్క బలహీనత, మాట తడబాటు, చూపు మందగించడం, మతి తప్పినట్టు మాట్లాడటం, వాంతులతో కూడిన తీవ్రమైన తలనొప్పి లాంటివి ఏవైనా ఉంటే వెంటనే 108 పిలిచి పెద్దాసుపత్రికి పంపాలి. ఈ లక్షణాలు ఏవీ లేకపోతే కంగారు పడకూడదు. ఆ రోజే మాత్రలు మొదలుపెట్టి కొద్ది రోజుల్లోనే మళ్ళీ రప్పించుకోవాలి. నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు వేసి అప్పటికప్పుడు అంకె దించే పాత అలవాటు ఇంకా అక్కడక్కడ ఉంది, దానిని గట్టిగా ఆపాలి. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకూ గుండెకూ రక్తం అందక కొత్త ప్రమాదం వస్తుంది.

మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), షుగర్, మూత్ర పరీక్ష చేయించడం మంచిది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ లాంటి ఏర్పాటు ఉన్నచోట నమూనా పీహెచ్‌సీ నుంచే పంపవచ్చు. అయితే రిపోర్టు రాలేదన్న కారణంతో మందు ఆపి పంపించకూడదు. రోగి ఆ రిపోర్టు కోసం మళ్ళీ వస్తాడన్న నమ్మకం లేదు.

నాలుగో మెట్టు: అందరిదీ ఒకటే ప్రోటోకాల్

డాక్టర్ మారినప్పుడల్లా మందు మారే కేంద్రంలో బీపీ ఎప్పటికీ అదుపులోకి రాదు. ఒకరు అటెనోలాల్ రాస్తారు, తర్వాత వచ్చినవారు ఎనలాప్రిల్ రాస్తారు. ఫార్మసీలో ఏదీ నిండుగా ఉండదు, రోగికి ఏ బిళ్ళ దేనికో తెలియదు. రాష్ట్రం జారీ చేసిన ప్రోటోకాల్‌ను పెద్ద అక్షరాలతో ఓపీ గదిలోనూ ఫార్మసీ కిటికీ దగ్గరా అంటించి, దాని ప్రకారమే నడవాలి. దేశంలో వాడుకలో ఉన్న నమూనా స్థూలంగా ఇలా ఉంటుంది:

1. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి.
2. నెల తర్వాత కూడా 140/90 దాటి ఉంటే దానికి టెల్మిసార్టాన్ 40 చేర్చాలి.
3. అప్పటికీ తగ్గకపోతే ఆమ్లోడిపిన్ 10, టెల్మిసార్టాన్ 80కి పెంచాలి.
4. ఆ తర్వాత క్లోర్‌థాలిడోన్ 12.5 చేర్చాలి. ఇంకా తగ్గకపోతే స్పెషలిస్టుకు పంపాలి.

ఇందులో కీలకం మాత్రల పేర్లు కాదు, "నెల తర్వాత" అన్న మాట. బీపీ 152/94 ఉన్నా "కొంచెమే ఎక్కువ ఉంది, ఉప్పు తగ్గించండి, అవే వాడండి" అని పంపించేయడం మన ఓపీలలో సర్వసాధారణం. మందు పెంచడంలో చేసే ఈ తాత్సారమే ఏళ్ళ తరబడి అదుపు తప్పడానికి పెద్ద కారణం. పెంచే ముందు అడగవలసినవి మాత్రం రెండున్నాయి. మొదటిది, ఈ రోజు మాత్ర వేసుకున్నారా? షుగర్ పరీక్ష కోసం పరగడుపున రమ్మన్నామని చాలామంది ఆ పొద్దున బీపీ బిళ్ళ కూడా మానేసి వస్తారు. మనం 160 చూసి మోతాదు పెంచేస్తాం. "పరగడుపున రండి, బీపీ బిళ్ళ మాత్రం గుక్కెడు నీళ్ళతో వేసుకునే రండి" అని కార్డు మీద రాసి, నోటితోనూ చెప్పాలి. రెండోది, ఇంకేం మందులు వాడుతున్నారు? మోకాళ్ళ నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫినాక్ సూదులు, నొప్పి బిళ్ళలు, స్టెరాయిడ్లు బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలకారణం ఏమిటన్నది నేటికీ తేలలేదు. కారణం ఏదైనా, అలాంటి ప్రాంతంలో బీపీని అదుపులో ఉంచి నొప్పి మందులు మాన్పించడం పీహెచ్‌సీ స్థాయిలోనే చేయగలిగిన, తప్పక చేయవలసిన పని.

అందరికీ లక్ష్యం 140/90 లోపు. గుండె జబ్బు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి పై అంకె 130 లోపు ఉండేలా చూడాలి. గర్భిణులకూ, గర్భం ధరించే అవకాశం ఉన్న స్త్రీలకూ టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి ఇవ్వకూడదు, గర్భిణిలో బీపీ కనిపిస్తే వేరే దారిలో నడవాలి. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ రెండూ కలిపి ఎవరికీ ఇవ్వకూడదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాల వాపు వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే "ఈ బిళ్ళతో ఒళ్ళు నీరు పట్టింది" అని మానేసి, మళ్ళీ రారు.

ఐదో మెట్టు: మాత్రలు ఏ నెలా తెగకూడదు

మాత్రలు లేవని ఒక్కసారి ఖాళీ చేతులతో పంపిస్తే, ఆ రోగిని తిరిగి రప్పించడానికి చాలా నెలలు పడుతుంది. ఇండెంట్‌ను పాత వాడకం మీద పెట్టడం ఇక్కడ జరిగే పొరపాటు. గత త్రైమాసికంలో స్టాకు లేక తక్కువ ఇచ్చి ఉంటే, ఆ తక్కువనే అవసరంగా చూపించి మళ్ళీ తక్కువే తెప్పించుకుంటాం. రిజిస్టర్‌లోని తలల లెక్క మీద ఇండెంట్ పెట్టాలి.

600 మంది ఉన్న కేంద్రాన్నే తీసుకుందాం. వారిలో 300 మంది పైన చెప్పిన ప్రోటోకాల్‌లోని మొదటి మెట్టులో, 200 మంది రెండో మెట్టులో, 70 మంది మూడులో, 30 మంది నాలుగులో ఉన్నారనుకోండి. ఆమ్లోడిపిన్ 5 మాత్రలు మొదటి రెండు మెట్లవారికి రోజుకు ఒక్కొక్కటి, పై రెండు మెట్లవారికి రెండేసి, మొత్తం రోజుకు 700, నెలకు 21,000, మూడు నెలలకు 63,000. టెల్మిసార్టాన్ 40 రోజుకు 400, మూడు నెలలకు 36,000. క్లోర్‌థాలిడోన్ 12.5 మూడు నెలలకు 2,700. దీని మీద కొత్తగా చేరబోయేవారికి, రవాణా ఆలస్యానికి కొంత కలిపి, ఫార్మసిస్టూ మెడికల్ ఆఫీసరూ ఇద్దరూ కూర్చుని ఇండెంట్ రాయాలి. నెల రోజుల నిల్వకు తగ్గగానే ఫార్మసిస్ట్ చెప్పాలన్న నియమం ఉండాలి. పక్క పీహెచ్‌సీలో ఎక్కువ ఉంటే అక్కడి నుంచి తెచ్చుకునే ఏర్పాటు జిల్లా అధికారుల అనుమతితో ముందే చేసుకోవాలి.

ప్రతిసారీ కనీసం 30 రోజుల మాత్రలు ఇవ్వాలి. పది రోజులకు ఇచ్చి మళ్ళీ రమ్మంటే కూలి పోగొట్టుకుని నెలకు మూడుసార్లు ఎవరూ రారు. బీపీ అదుపులో ఉండి, పనికోసం ఊరు విడిచి వెళ్ళేవారికి రెండు మూడు నెలలకు సరిపడా ఇవ్వాలి. పాలమూరు నుంచి ముంబైకి, శ్రీకాకుళం నుంచి దూరప్రాంతాలకు వలస వెళ్ళేవారి కార్డు మీద మందు పేరు, మోతాదు అందరికీ అర్థమయ్యేలా స్పష్టంగా రాస్తే ఏ ఆసుపత్రికి వెళ్ళినా అదే మందు కొనసాగుతుంది.

ఆరో మెట్టు: పని పంచుకోవాలి

డాక్టరే ప్రతి బీపీ చూసి, ప్రతి చీటీ రాయాలంటే ఈ పని నడవదు. స్టాఫ్ నర్సు కొలిచి కార్డులో ఎక్కిస్తుంది. అదుపులో ఉన్నవారు డాక్టర్ కోసం వరుసలో నిలబడకుండా నేరుగా ఫార్మసీకి వెళ్ళి మాత్రలు తీసుకుంటారు. అదుపు తప్పినవారు, కొత్తవారు, ఏదైనా ఇబ్బంది చెప్పినవారు మాత్రమే డాక్టర్ దగ్గరికి వస్తారు. ఈ ఒక్క మార్పుతో సగం మంది అరగంటలో ఇంటికి వెళ్ళిపోతారు, మిగిలిన సగానికి డాక్టర్ తీరిగ్గా సమయం ఇవ్వగలరు.

అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాలోని కైసర్ పర్మనెంటె సంస్థ 2001లో సుమారు 44 శాతంగా ఉన్న నియంత్రణను 2009 నాటికి 80 శాతానికి చేర్చింది. పేరుపేరునా రిజిస్టర్, సులువైన ప్రోటోకాల్, తరచు ఫలితాల లెక్క, మందు మార్చాక డాక్టర్ అపాయింట్‌మెంట్ లేకుండానే సహాయక సిబ్బంది వద్ద ఉచితంగా బీపీ చూపించుకునే వీలు, ఇవే అక్కడి ప్రధాన ఏర్పాట్లు. ఇక్కడ మన చేతిలో అంతకంటే బలమైన వనరు ఒకటుంది. పల్లె దవాఖానాలు, విలేజ్ క్లినిక్‌లు, బస్తీ దవాఖానాలు రోగి ఇంటికి నడక దూరంలో ఉన్నాయి. నిలకడగా ఉన్నవారి కార్డులను సబ్‌సెంటర్ స్థాయికి దింపి, అక్కడి ఎంఎల్‌హెచ్‌పీ చేతి మీదుగా మాత్రలు ఇప్పించడం వల్ల మధ్యలో మానేసేవారు తగ్గుతారు. ఊరికి దగ్గరి కేంద్రాల్లోనే నియంత్రణ మెరుగ్గా ఉంటుందని మన దేశ కార్యక్రమ అనుభవం కూడా చూపించింది.

ఏడో మెట్టు: మాట్లాడే తీరు

ఉపన్యాసానికి సమయం ఉండదు, అవసరమూ లేదు. రోగి మనసులో ఉన్న ప్రశ్నకు జవాబు చెబితే చాలు. ఆ ప్రశ్నలు మనకు తెలిసినవే. "నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, బీపీ ఎట్లా ఉంటది?" అనేవారికి బీపీకి బాధ ఉండదని, బాధ వచ్చేసరికి నష్టం జరిగిపోయి ఉంటుందని చెప్పాలి. "ఒకసారి మొదలుపెడితే బతికినంత కాలం మింగాలంట కదా" అన్న భయానికి ఆమాట నిజమేనని ఒప్పుకుని, మాత్ర అలవాటు కావడం వల్ల కాదు, జబ్బు ఉండిపోవడం వల్ల వాడాలని వివరించాలి. "పోయినసారి నార్మల్ అన్నారు కదా, అందుకే ఆపాను" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది, దానికి కారణం మనమే. "మీ బీపీ నార్మల్" అని ఊరుకోకుండా, "మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి 128 ఉంది, ఇదే మాత్ర వాడండి" అని పూర్తి వాక్యం చెప్పాలి.

ఉప్పు విషయంలో అందరికీ ఒకే మాట చెప్పడం వృథా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక టీ చెంచాకు మించకూడదు. మనవాళ్ళు తినేది దానికి దాదాపు రెట్టింపు. ఇది ఎక్కువగా ఇంట్లో వండే కూరల్లోనుంచి, పచ్చళ్ళలోనుంచి వస్తుంది కాబట్టి వండే మనిషితో మాట్లాడాలి. ఆవకాయ మానేయమంటే ఎవరూ మానరు. రెండు పూటలా కాకుండా ఒక పూట, అదీ చెంచాడు వేసుకోమంటే వింటారు. అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు, మజ్జిగలో పైన వేసుకునే ఉప్పు, వీటిలో ఏది వారింట్లో రోజూ ఉంటుందో అడిగి, ఆ ఒక్కదాని మీదే మాట్లాడాలి. పొటాషియం కలిసిన తక్కువ సోడియం ఉప్పును కిడ్నీ జబ్బు ఉన్నవారికి సూచించకూడదు. పొగాకు, మద్యం గురించి కార్డులో రాసి ప్రతి రాకకూ ఒక్క మాటైనా అడగాలి.

ఎనిమిదో మెట్టు: రానివారిని వెతకడం

ప్రతి రోగికీ ఒక కార్డు కేంద్రంలో ఉండాలి, ఒక చిన్న పుస్తకం రోగి చేతిలో ఉండాలి. ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటువ్యాధులు కాని జబ్బుల) పోర్టల్‌లో నమోదు చేసినా, కార్డులను రావలసిన తేదీల వారీగా పెట్టెలో పేర్చుకోవడం వల్ల ఎవరు రాలేదో సాయంత్రానికి కంటికి కనబడుతుంది. రావలసిన రోజు దాటి వారం అయితే ఫోన్. అప్పటికీ రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళాలి. అందులోనూ ముందు ఎవరిని వెతకాలన్న వరుస ఉండాలి. చివరిసారి 180 దాటినవారు, పక్షవాతమో గుండెపోటో వచ్చి బతికినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మొదటి జాబితా.

రాకపోవడానికి కారణాన్ని కార్డు మీద ఒక్క ముక్కలో రాయాలి: నాట్లు, మిరపకాయల కోత, కూతురింటికి వెళ్ళింది, ప్రైవేటుకు మారాడు, మాత్రలు పడలేదు, చనిపోయారు. మూడు నెలలకు ఈ కారణాలను కలిపి చూస్తే చేయవలసింది తెలిసిపోతుంది. పొలం పనుల రోజుల్లో ఎన్‌సీడీ క్లినిక్‌ను పొద్దున ఏడింటికి మొదలుపెట్టడమో, సంక్రాంతికీ మేడారం జాతరకూ ముందు వారంలోనే అందరికీ మాత్రలు ఇచ్చేయడమో చేస్తే ఎందరో నిలుస్తారు. తిరిగి వచ్చిన మనిషిని "ఇన్నాళ్ళూ ఏమైపోయావు?" అని గద్దించడం మాత్రం పనికిరాదు. గద్దించిన చోటికి రెండోసారి ఎవరూ రారు.

తొమ్మిదో మెట్టు: మూడు నెలలకోసారి నిజమైన లెక్క

నియంత్రణ శాతాన్ని చాలాచోట్ల తప్పుగా లెక్కిస్తున్నారు. మన 600 మందే తీసుకోండి, వీరంతా ఈ త్రైమాసికానికి ముందే నమోదైనవారు. ఈ మూడు నెలల్లో చివరిసారి చూసినప్పుడు 140/90 లోపు ఉన్నవారు 270, వచ్చినా ఎక్కువగా ఉన్నవారు 150, అసలు రానివారు 180. వచ్చినవారితోనే భాగిస్తే 420లో 270, అంటే 64 శాతం అని గొప్పగా కనిపిస్తుంది. అసలు లెక్క 600తో భాగించాలి, 45 శాతం. రానివారిని అదుపు తప్పినవారితో సమానంగా చూడాలన్నదే దీని అర్థం. ఎందుకంటే మాత్రలు లేకుండా వారి బీపీ అదుపులో ఉండే అవకాశం తక్కువ.

ఈ మూడు అంకెలను పీహెచ్‌సీకి మొత్తంగానూ, సబ్‌సెంటర్ల వారీగానూ వేయాలి. వచ్చినా బీపీ ఎక్కువగా ఉన్నవారి సంఖ్య (ఇక్కడ 150) పెద్దదిగా ఉంటే డాక్టర్లు మందు పెంచడం లేదని, ప్రోటోకాల్ పాటించడం లేదని అనుకోవాలి. రానివారి సంఖ్య (ఇక్కడ 180) పెద్దదిగా ఉంటే మాత్రల సరఫరా, దూరం, పిలిచే ఏర్పాటు చూసుకోవాలి. రెండింటికీ మందు వేరు. ఒక సబ్‌సెంటర్‌లో రానివారు తక్కువగా ఉంటే అక్కడి ఏఎన్ఎంనే సమావేశంలో మాట్లాడమనాలి, ఆమె చెప్పేది పై అధికారుల సర్క్యులర్ కంటే తొందరగా మిగిలినవారికి ఎక్కుతుంది. తక్కువ శాతం వచ్చినందుకు ఎవరినీ నిలబెట్టి అడగకూడదు, అడిగితే వచ్చే త్రైమాసికం అంకెలు మెరుగవుతాయి గానీ రోగుల బీపీ మెరుగవదు.

అదే సమావేశంలో మరో పని కూడా పెట్టుకోవాలి. ఆ మూడు నెలల్లో మీ పరిధిలో పక్షవాతం, గుండెపోటు వచ్చినవారి పేర్లు ఆశా కార్యకర్తల దగ్గర తీసుకుని, ఒక్కొక్కరి కార్డు బయటికి తీయండి. కార్డే లేకపోతే ఆ ఊళ్ళో స్క్రీనింగ్ ఎక్కడ ఆగిందో చూడండి. కార్డు ఉండి, వరుసగా మూడుసార్లు 160 ఉన్నా అవే మాత్రలు రాసి ఉంటే దానిని డాక్టర్లు చర్చించాలి. నాలుగు నెలలుగా రాకపోతే ఫోన్ ఎవరు చేయాలో, ఎందుకు చేయలేదో తేల్చాలి. తేలినదాన్ని మినిట్స్ పుస్తకంలో, చేయవలసిన పని, చేసేవారి పేరు, తేదీతో సహా రాసి, వచ్చే సమావేశాన్ని ఆ పేజీతోనే మొదలుపెట్టాలి.